తోటలో జారిన మాట

కిరిపా పెళ్లై ఈ కొండకొచ్చి నాలుగేళ్లయినా, కొండమొగలి కాయలు కోసే రోజులు వచ్చాయంటే ఆమె గుండెల్లో రాయి పడేది. కోత సాగినన్నాళ్లూ తోటలో ఇంటి మాటలు మాట్లాడకూడదు. తోటకు వేరే భాష ఉంది. నిప్పుకు వేరే పేరు, కుక్కకు వేరే పేరు. ఇంటి మాట ఒక్కటి జారినా కాయల్లో గింజ నీరైపోతుందంటారు. లోయ కింద పుట్టిన కిరిపాకు ఆ భాష నోరు తిరగలేదు. అందుకని మూగనోము పట్టినట్టు తిరిగేది.

మరిది రింబు ఊరుకుంటాడా? "మా వదినకి తోటలో నాలుక పోద్ది, ఇంటికి రాగానే రెండు మొలుస్తాయి" అని ఆటపట్టించేవాడు.

ఆమె నారసంచిలో ఉడుతలాంటి ఒక బుల్లి జీవి కాపురముండేది. బయటివాళ్లు షుగర్ గ్లైడర్ అంటారు. కూలిన చెట్టు తొర్రలో దొరికిన కూనను ఆమే పెంచింది. పొద్దుగూకితే చాలు, కాళ్ల మధ్య చర్మాన్ని దుప్పటిలా పరిచి, చూరు మీంచి గాల్లో జారి సరిగ్గా ఆమె భుజం మీద వాలేది. అత్తవారి ఊళ్లో వాసన పట్టి మరీ ఆమెను వెతుక్కునే ప్రాణి అదొక్కటే.

ఆ ఏడు కోతకని గుడిసెలు వేసుకుని పడుకున్న తోటలో చలి ఎముకలు కొరికింది. తెల్లవారి చూస్తే సంచి ఖాళీ. బయట మంట దగ్గర రింబు, బిగుసుకుపోయిన దాన్ని తోక పట్టుకుని ఊపుతున్నాడు. వదినదని పోల్చుకోలేదు పాపం, చచ్చిన అడవి జంతువనుకుని, తినడానికి బొచ్చు కాల్చబోయాడు. చలి ముదిరితే ఆ జీవులు కట్టెలా పడి ఉంటాయని, ఒంటి వేడి తగిలితే లేస్తాయని కిరిపాకు తెలుసు. ఆ మాట తోటభాషలో చెప్పడం మాత్రం తెలియదు.

"రింబూ! చావలేదయ్యా, నిద్దరోతోంది!"

అచ్చంగా ఇంటి మాట. అందరూ కొయ్యబారిపోయారు. ఆమె దాన్ని లాక్కుని రొమ్ముకు హత్తుకుంది. రింబు తోటభాషలోనే అందుకున్నాడు. "కొంప ముంచావు గదా వదినా! కాయలన్నీ నీ నోట్లో పడి పోయాయి!"

"గోల ఆపండి. కొట్టి చూస్తే తెలుస్తుందిగా" అంది అత్త పాసూ, అదే భాషలో. కోసిన గెలలోంచి ఒక కాయ తీసి రాతితో పగలగొట్టి, గబుక్కున నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"కమ్మగా ఉంది. పోండి, చెట్లెక్కండి."

మగవాళ్లు కదిలారు. పక్కనే కూర్చున్న కిరిపా మాత్రం చూసింది: ముసలమ్మ చేతిలోని చిప్పలోంచి నీళ్లే కారాయి.

పాసూ చెయ్యి తుడుచుకుని దగ్గరికి జరిగింది. అటూ ఇటూ చూసి, కోడలి చెవిలో ఇంటి మాటలోనే అడిగింది.

"లేచిందామ్మా?"