సకాల వర్షం

ఎనభైల మొదట్లో మా బావ డెట్రాయిట్‌లో ఇంజనీరు ఉద్యోగం మానేసి, ఉన్నదంతా పెట్టి మిషిగన్ ఉత్తరాన చెర్రీ తోట కొన్నాడు. రెండేళ్లు వరసగా మంచుకు పూత మాడిపోయింది. మూడో ఏడు కాపు నిలిచింది. ఇదీ పోతే తోట అమ్ముకోవడమే.

కోతకు ముందు ఆదివారం మా తెలుగు సంఘమంతా కార్లేసుకుని వెళ్లి, తోటలోనే ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరుగారిది గుంటూరు వైపు. పంట పేరెత్తగానే అలవాటు కొద్దీ, "సకాలమందు వర్షము దయచేయుము తండ్రీ" అన్నారు. అందరం ఆమెన్ అన్నాం. బావ ఇంకాస్త గట్టిగా అన్నాడు.

పండిన చెర్రీ మీద వాన పడితే పండు నీళ్లు పీల్చుకుని పగిలిపోతుంది. ఆ సంగతి మా అందరిలో బావకొక్కడికే తెలుసు. కానీ అతనిదీ గుంటూరే.

మంగళవారం మొదలైన వాన వారమంతా వదల్లేదు. శనివారం నేను వెళ్లేసరికి, చెట్ల నిండా పండ్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కోతకొచ్చిన కూలీలు వెళ్లిపోయారు. బావ వరండాలో కూర్చుని ఉన్నాడు.

"పాస్టరుగారికి ఫోన్ చేసి ఇక చాలని చెప్పమంటావా బావా?" అన్నాను.

"వద్దులేరా. ఈ దేశమొచ్చాక అడిగినవాటిలో దొరికింది ఇదొక్కటే."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. ఆగస్టులో తోట అమ్మేశాడు.