అడిగినట్టే లెక్కంట!

ఈ రోజు పొద్దున టీవీలో లోక్‌సభ చూస్తూ ఉండబట్టలేక గట్టిగా తిట్టేశాను. మా కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, నా తిట్లు టీవీకేనని తెలుసుకుని, "బీపీ మాత్ర ఏసుకుంటివా మామా?" అని అడిగి పోయింది. మాత్రకు తగ్గే కోపమా ఇది! సభ్యులు అరుచుకుంటున్నారు, సభ వాయిదా పడింది, మాట్లాడే వంతు రానివాళ్ళు కాగితం ఇచ్చిపోతే చదివినట్టే భావిస్తామని పైన కూర్చున్నాయన ప్రకటించి లేచిపోయాడు. ఆ మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది.

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారికి లోపలగా, రైలు పట్టాలకు అవతల ఉంది మా పల్లె. కాపలా లేని గేటు ప్రమాదమని మూసేసి, రైల్వేవాళ్ళు పట్టాల కింద అండర్ బ్రిడ్జి తవ్వించారు. నల్లరేగడిలో గొయ్యి తవ్వితే నీళ్ళు నిలవక ఏమవుతాయి? మొదటి పెద్ద వానకే అది నడుములోతు మడుగైంది. ఆ వానలోనే మా చిన్నాయనకు గుండెనొప్పి వచ్చింది. ఆటో ఇవతలే ఆగిపోతే, ఆయన్ని మంచంతో సహా కట్ట మీదికి మోసి పట్టాలు దాటించాం. అవతల అంబులెన్సు సిద్ధంగానే ఉంది గానీ, ఎక్కించేసరికి ఆయన ప్రాణం పోయింది.

బడిపంతులుగా ఊరి అర్జీలన్నీ రాసినవాణ్ణి కనుక ఈ అండర్ బ్రిడ్జి గురించి ఎంపీ గారికి అర్జీ కూడా నేనే రాశాను. రేపు సభలో మీ సమస్య లేవనెత్తుతున్నామని ఎంపీ గారి మనిషి ఫోన్ చేశాడు. ఇంకేముంది, ఎంపీ గారికి ధన్యవాదాలంటూ మావాళ్ళు ఆ సాయంత్రమే అండర్ బ్రిడ్జి దగ్గర ఫ్లెక్సీ కట్టేశారు. అడగకముందే మెచ్చుకోవడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు! మరుసటి రోజు చర్చిలోని కుర్చీలు తెచ్చి మా వరండాలో వేశాం. చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. ఆమె పరిహారం కోరలేదు. తన మనిషి ఎందుకు పోయాడో అంత పెద్ద సభలో ఒకరు పైకి చెబితే వినాలనుకుంది, అంతే.

సాయంత్రం దాకా కేకలే విన్నాం. తర్వాత ఫోన్ వచ్చింది, కాగితం ఇచ్చాం, అడిగినట్టే లెక్క అని. ఆ సంగతి చెబితే చిన్నమ్మ నా ముఖంలోకి చూసి, "నోరు తెరిసి అడగకుండానే అడిగినట్టు యాడన్నా ఉంటాదా నాయినా?" అంది.

నా చిన్నతనంలో ఎంపీ గారు ఏడాదికోసారైనా జీపులో వచ్చేవాడు. మా నాయన ఆయన చెయ్యి పట్టుకుని నిలబెట్టి, మంచినీళ్ళ బావి మాటేమిటని నలుగురిలో నిలదీసేవాడు. ఆయన చేసిందీ తక్కువే, కానీ తలొంచుకుని వినేవాడు. ఇప్పుడు కోపమొచ్చినా తిట్టడానికి ఎదురుగా మనిషే లేడు!

కొన్నాళ్ళకు ఆ కాగితానికి ఢిల్లీ నుంచి సమాధానం వచ్చింది, దాని వెనకే నీళ్ళు తోడే మోటారూ వచ్చింది. వాన పడితే మా ఊళ్ళో కరెంటు ఉండదు, కరెంటు లేకుండా మోటారు తిరగదు. ఈ సంగతి అక్కడ ఎవడికి పట్టింది?

అన్నిటికంటే నాకు మంట పుట్టించేది మేము సర్దుకుపోవడం. ఒకప్పుడు మబ్బు పడితే విత్తనాలు బయటికి తీసి, ఏ చేను ముందు వేయాలా అని మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు మబ్బు పడితే ముసలివాళ్ళలో, కడుపుతో ఉన్నవాళ్ళలో ఎవరిని ముందు ప్రొద్దుటూరులోని చుట్టాల ఇళ్ళకు పంపాలా అని మాట్లాడుకుంటున్నాం. నిన్న పడమట మబ్బు లేచింది. మా కోడలు నా బట్టలు సర్దేసింది.