పురుగు మొఖం

బీరమ్మకు డెబ్బై దాటాయి. మర్రిగూడ దగ్గరి పల్లెలో నలభై గొర్రెలు, ఒక మనుమరాలు, ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పే అభిప్రాయాలు, ఇవీ ఆమె ఆస్తి. ఆ అభిప్రాయాల్లో పెద్దది రోగాల గురించి. ఒంట్లో బలం ఉంటే ఏ పురుగూ ఏమీ చేయలేదని, కంటికి కనబడని పురుగులన్నీ దవాఖాన వాళ్ల కల్పన అని ఆమె వాదన. కరోనా కాలంలో మూతికి కట్టుకొమ్మని మాస్కు ఇస్తే, అందులో శనగలు మూటకట్టుకుని మంద వెంట పోయింది.

"పురుగు కనబడదంటవు. నీ పండ్లు పచ్చగ చేసిన ఫ్లోరైడు కనబడ్డదా అవ్వా?" అని మనుమరాలు త్రివేణి అడిగితే, ఆ పళ్లన్నీ బయటపెట్టి నవ్వేది.

"గది నీళ్ల తప్పు. పురుగుదేం లేదు. ఇంటర్ల జీవశాస్త్రం రెండుసార్లు తప్పినదానివి, నువ్వు నాకు జెప్తవా?"

ఓడిపోవడం ఆమెకు చేతకాదు. కానీ నిరుడు వానాకాలం ఆమె నోరు మూతపడింది.

ఎండాకాలం చివర గొర్రెలకు సూదులు వేసేవాళ్లు ఊళ్లోకి వస్తే, బలమైన జీవాలకు సూదెందుకని మందను తోలుకుని గుట్ట ఎక్కేసింది. తొలకరికి పచ్చగడ్డి మొలిచింది. గొర్రెపిల్లలు కడుపులు పగిలేలా మేశాయి. మర్నాడు చూస్తే ఆరు చచ్చిపడి ఉన్నాయి. చిటిక వేసేలోపు ప్రాణం తీస్తుంది కాబట్టి దాన్ని చిటుక రోగం అంటారు. దుఃఖం సంగతి అటుంచితే, బీరమ్మను తొలిచేసిన విషయం ఇంకొకటి ఉంది. పోయినవన్నీ బాగా బలిసిన పిల్లలే. బక్కచిక్కిన కుంటి పిల్ల మాత్రం నిక్షేపంగా మిగిలింది. బలమే కాపాడేదైతే కుంటిది ఎట్లా బతికినట్టు?

ఏడాదంతా ఆ ప్రశ్న ఆమెతోపాటే మేతకు పోయి, ఆమెతోపాటే ఇంటికి వచ్చింది.

ఈ ఏడాది సూదుల రోజున బీరమ్మ గుట్ట ఎక్కలేదు. మందను దొడ్లోనే ఉంచి, తడికకు అడ్డంగా కూర్చుంది. పశువుల డాక్టరు మనీష వచ్చి నిలబడింది.

"ఒక్కటి చెప్పు బిడ్డా. చెప్తెనే తడిక తీస్త. బలిసినయే ఎందుకు పోయినయి?"

మనీష ఆమె పక్కనే చతికిలబడింది. "గా పురుగు బయటి నుంచి రాదవ్వా. ఎప్పుడూ గొర్రె పేగులల్లనే ఉంటది, సప్పుడు చెయ్యకుంట. కొత్త గడ్డి ఒక్కసారే మస్తు తింటే, అది వేలకు వేలయ్యి విషం కక్కుతది. బలిసినయి ఎక్కువ మేసినయి. కుంటిదానికి అంత గడ్డి అందలే, బతికింది."

బీరమ్మ ముఖం వెలిగిపోయింది. "అంటే గడ్డిదే తప్పు! నేను జెప్పలే?"

"సగం నువ్వు చెప్పిందే. గని పురుగు లేకుంట గడ్డి ఒక్కటే సంపదు. ఈ సూదిల గా విషమే ఉంటది, కోరలు పీకేసి."

"ఓయమ్మో! విషం పొడుస్తవా నా గొర్లకు?" తెరుచుకోబోయిన తడిక మళ్లీ మూతపడింది.

అప్పుడు నోరు విప్పింది త్రివేణి. "అవ్వా, నలభై గొర్లల ఏది ఏదో ఎట్ల గుర్తువడ్తవు?"

"మొఖం జూసి. ఎన్ని మందలు కలిసినా నావి నాకు దెల్వయా?"

"మరి దొంగను చేతులు కట్టేసి, వాని మొఖం ముందుగాల్నే గొర్రె ఒంటికి చూపెడితే? రేపు నిజంగ వచ్చిననాడు పట్టుకుంటదా, లేదా? సూది గంతే."

 బీరమ్మ లేచి తడిక తీసింది.

"గీ ముక్క నిరుడే జెప్తే ఏం పోయె?"

"నిరుడు నువ్వు గుట్ట మీదుంటివి గదనే!"

ఒక్కో గొర్రెనూ పట్టుకుని, "మొఖం మంచిగ గుర్తువెట్టుకో" అని చెవిలో చెబుతూ సూది వేయించింది. అన్నిటికన్నా ఎక్కువ హెచ్చరికలు కుంటిదానికే దక్కాయి.

వానలు పడ్డాయి. అయినా తప్పు గడ్డిదేనన్న మాటను బీరమ్మ పూర్తిగా వదల్లేదు. పొద్దున్నే దొడ్లో ఎండుగడ్డి పెట్టి, సగం కడుపు నిండాకే మందను పచ్చిక మీదికి వదిలింది. మనీష మళ్లీ వచ్చినప్పుడు నలభైకి నలభై ఉన్నాయి.

"ఒక సూది మిగిల్తే దీనికి గూడ పొడువు బిడ్డా," అంటూ బీరమ్మ త్రివేణి రెక్క పట్టి ముందుకు లాగింది. "నల్గొండకు పోతే సాలు, కొత్త గడ్డి మీద వడ్డట్టు పానీపూరీల మీద వడ్తది!"