ఊరికే ఇచ్చేసిన క్వార్టర్

మా నాన్న రిటైరయ్యే నెలలో మా రైల్వే క్వార్టర్‌ని నేను ఊరికే ఇచ్చేశాను. ఎవరికిచ్చానో తెలీదు. ఏమిచ్చానో కూడా ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

బిలాస్‌పూర్‌లో అప్పుడప్పుడే ఇళ్లకి బ్రాడ్‌బ్యాండ్ వస్తోంది. కంప్యూటర్లో ఒక లోకం ఉండేది. అందులో బొమ్మమనుషులమై తిరిగేవాళ్లం, ఇళ్లూ వాకిళ్లూ కట్టేవాళ్లం. కట్టింది ఉచితమని పెడితే ఏ దేశంవాళ్లయినా దానికి కాపీ తీసుకోవచ్చు. అందరూ కోటలు పెట్టేవారు. కోటల గురించి నాకేం తెలుసు, నా మొహం. పుట్టి పెరిగిన క్వార్టరే కట్టాను. నిజం గోడల్నే ఫొటోలు తీసి అతికించాను. నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే, అమ్మ తలుపుకి 'షోర్ మత్ కరో', అంటే గోల చెయ్యొద్దని, హిందీలో రాసిన అట్టముక్క తగిలించేది. అదీ పెట్టాను.

మధ్యాహ్నం అన్నం తింటూ అమ్మతో అన్నాను. "మన క్వార్టర్ ఊరికే ఇచ్చేశానమ్మా. అప్పుడే ఎవరెవరో తీసేసుకున్నారు."

అమ్మ ఊఁ కొట్టి పప్పు వడ్డించింది. చెయ్యి కడుక్కుంటున్న నాన్న అలాగే నిలబడిపోయాడు. "ఏటే గుంటా, ఇంకా ఖాళీ చెయ్యకుండానే ఎవరికిచ్చావు? సబ్‌లెట్ అంటారు దీన్ని. నా పెన్షన్ కాగితాలన్నీ ఆపేస్తారు."

"నిజం క్వార్టర్ కాదు నాన్నా, కాపీ."

"అచ్ఛా. మరి తాళం ఎవరి దగ్గరుంది?"

"తాళం లేదు."

"తాళం లేకుండా ఎలా ఇచ్చావు? అయినా అది మనది కాదు కదే, రైల్వేది. నువ్వెలా ఇచ్చేస్తావు?"

నాకు ఒళ్లు మండింది. పుట్టినప్పటినుంచీ ఉన్న ఇల్లు మాది కాకపోవడమేంటి? కానీ కాపీ నాదో, గోడలున్న రైల్వేదో, తీసుకెళ్లినవాళ్లదో, ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. ఆ నెలాఖరుకి నాన్న తాళాలు అప్పజెప్పేశాడు. ఊరి చివర మోప్కాలో సొంత ఇంటికి మారాం. అక్కడ నాన్నకి పగలు నిద్రపట్టేది కాదు. మంచమ్మీద కూర్చుని ఫ్యాన్ వంక చూస్తుండేవాడు. నాకు భలే దిగులేసేది.

ఒకరోజు తనే వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. "ఆ ఊరికే ఇచ్చింది చూపించు."

దాన్ని తీసుకున్న ఒకరు థాంక్స్ చెబుతూ, ఆ లోకంలో ఎక్కడ పెట్టుకున్నారో రాశారు. నా బొమ్మని అక్కడికి నడిపించాను. సముద్రం ఒడ్డున మా క్వార్టర్. గోడలకి నీలం రంగేశారు. తలుపు మూసుంది. దానికి అమ్మ అట్టముక్క అలాగే వేలాడుతోంది. ఏ దేశంవాళ్లో, వాళ్లకి హిందీ ఏం తెలుస్తుంది, అందానికి ఉంచేసుంటారు.

నాన్న తెర దగ్గరకి వంగి అట్టముక్క చదివాడు. "లోపలికెళ్లొచ్చా?"

"ఇప్పుడు వాళ్లది కదా. తలుపు కొట్టాలి."

కొట్టబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపి, గొంతు తగ్గించాడు.

"వద్దులే. ఎవరో డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు."