గాలికి మూత

మొన్న పక్క ఊరి పెళ్లికి పోయి తిరిగి వచ్చేసరికి వంటింటి గట్టు మీద మర్చిపోయిన బ్రెడ్డు ప్యాకెట్టు పచ్చగా బూజు పట్టి ఉంది. మా కోడలు ముక్కు మూసుకుని, "పారేయండత్తయ్యా, దాన్నేం చూస్తారు!" అంది. నేను మాత్రం కళ్లజోడు సర్దుకుని, ప్యాకెట్టును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, అంచున తెల్లగా మధ్యలో నీలం కలిసిన పచ్చగా ఉంది కాబట్టి ఇది పెనిసిలియమే అయ్యుంటుందని తీర్పు చెప్పాను. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువుకు దండం పెట్టిన అత్తగారి నోట ఈ మాట విని ఆ పిల్ల బిత్తరపోయింది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. జహీరాబాద్‌లో, మా అత్తమ్మ వంటింట్లో అన్నాను. నమ్మలేదు. మీకైనా చెబుతాను, వినండి.

డెబ్బైల చివర్లో నేను కోహీర్ నుంచి కోడలిగా వచ్చిన ఇల్లు బొంబాయి రోడ్డు వెనక గల్లీలో ఉండేది. లారీ పోయినప్పుడల్లా అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానితో ఒకటి ముచ్చట పెట్టుకునేవి. ఎర్రరాతి గోడలు, ముందు హాలు, మధ్యలో వంటిల్లు, వెనక మా గది, ఆ గది గోడకు ఆనుకుని స్నానాల కొట్టు, దాని వెనక బర్రె కొట్టం. అల్లం తవ్వే కాలంలో బండ్లు గల్లీ దాటుతుంటే తడిమట్టి వాసనా అల్లం ఘాటూ కలిసి ఇంట్లోకి వచ్చేవి. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. ఆయన అభిప్రాయం కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలేమో అన్నంత తక్కువ మాట్లాడేవారు. ఆ గుణం తల్లి నుంచి వచ్చింది. మా అత్తమ్మ రోజంతా మాట్లాడే మాటల్లో సగం బర్రెతోనే. ఆమె పెళ్లయినప్పుడు న్యాల్‌కల్ దగ్గరి పుట్టింటి నుంచి వెంట వచ్చిన బర్రెకు ఇది మనవరాలు. ఇంట్లో ఆమె గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుండేది: తినేది ఏదైనా మూత లేకుండా ఉండకూడదు. బిందె మీద మూత, పప్పు మీద మూత, నేను తింటూ తింటూ నీళ్లకు లేస్తే నా కంచం మీద కూడా ఏదో ఒకటి బోర్లించి పెట్టేది. బల్లి, దుమ్ము, దిష్టి, అన్నిటికీ ఆమె దగ్గర ఒకటే మందు.

వచ్చిన ఏడాది వానకాలంలోనే నాకు దమ్ము మొదలైంది. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. లేచి కూర్చుంటే ఊపిరి గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయేది. దవాఖానలో సూది వేశారు, గోలీలు ఇచ్చారు, జాగా మార్చి చూడమని కూడా అన్నారు. ఆ మాట గల్లీ అంతా పాకింది. "ఈ ఇంటి గాలి పిల్లకు పడుతలేదు, తల్లిగారింటికి తోలియ్యిన్రి," అని పక్కింటావిడ నా ఎదుటే అత్తమ్మకు సలహా ఇచ్చింది. అత్తమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనం చూస్తే నాకు భయం వేసేది. జబ్బుతో పుట్టింటికి పంపిన పిల్లను మళ్లీ తీసుకురావడానికి ఎవరికీ తొందర ఉండదని కోహీర్‌లో కళ్లారా చూసినదాన్ని. నాకు ఆ ఇల్లు కావాలి. మాట్లాడకపోయినా ఆ మొగుడే కావాలి. ఊపిరి ఒక్కటే ఒప్పుకోవడం లేదు.

అలాంటప్పుడు దసరా సెలవులకు మా మరిది వచ్చాడు. హైదరాబాదులో వృక్షశాస్త్రం చదివి, పంటచేల మీది గాలిలో ఏ బూజులు తిరుగుతాయో పరిశోధన చేస్తున్నాడు. చెరుకు తోటల గట్ల మీద కర్రలు పాతి, వాటికి వ్యాజ్‌లైను రాసిన గాజు పలకలు బిగించి, పైన చిన్న రేకు గొడుగు పెట్టి, గాలి ఎటు వీస్తే అటు తిరిగేలా తోక అమర్చేవాడు. పలకకు అంటుకున్నదంతా సూక్ష్మదర్శినిలో చూసేవాడు. గల్లీవాళ్లు అతణ్ణి గాలి డాక్టరనేవారు. నా అవస్థ చూసి, "ఫికర్ చెయ్యకు వదినా, ఇంట్ల నిన్ను సతాయిస్తున్నదేందో నేను పట్టుకుంట," అన్నాడు. పలక మీద చచ్చినవీ బతికినవీ కలగలిసి అంటుకుంటాయట, పోల్చుకోవడం కష్టమట. అదే మూతలున్న గాజు ప్లేట్లలో వాటికి మేత పోసి కాసేపు తెరిచి ఉంచితే, గాలిలోంచి పడిన వాటిలో బతికున్నవి మొలిచి, రంగు తేలి, ఏ జాతివో తామే చెబుతాయట. ఆ మేత మా వంటింట్లోనే తయారైంది. ఆలుగడ్డలు ఉడికించి, ఆ నీళ్లు వడగట్టి, చక్కెర, చైనాగ్రాసు కలిపి, ప్రెషర్ కుక్కర్లో చాలాసేపు కూతలు పెట్టించాం. ప్లేట్లలో పోసి చల్లారిస్తే అచ్చం దావతుల్లో పెట్టే చైనాగ్రాసు మిఠాయిలా వణుకుతూ నిలిచింది. "ఇలాచి పొడి మర్సినవ్ రా," అంది అత్తమ్మ. ఆమె నోట హాస్యం వినడం నాకు అదే మొదలు.

హాల్లో, వంటింట్లో, మా గదిలో, కొట్టంలో తలా ఒక ప్లేటు పెట్టి మరిది మూతలు తీశాడు. మనుషులు మసిలితే దుమ్ము లేస్తుంది, మాట్లాడితే నోట్లో ఉన్నవి వచ్చి పడతాయి, కాబట్టి అందరూ బయటికి నడవాలన్నాడు. నన్ను పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి, అన్నను సైకిలు వెనక ఎక్కించుకుని రోడ్డు మీది హోటలుకు చాయ్ తాగడానికి పోయాడు. పొయ్యి మీద పాలున్నాయని అత్తమ్మ ఒక్కతే గడప దగ్గర ఆగింది. వాళ్లు వచ్చాక ప్లేట్లకు మూతలు పెట్టి, తలకిందులు చేసి, అలమరలో దాచారు. కొన్నాళ్లకు తీసి చూస్తే ఇంట్లో పెట్టిన వాటిలో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. కొట్టంలో పెట్టింది మాత్రం అంచు కనపడకుండా పచ్చగా, నల్లగా దట్టంగా మొలిచి ఉంది. మరిది ముఖం వెలిగిపోయింది. ఇంత స్పష్టమైన ఫలితం తన చేలల్లో ఎన్నడూ రాలేదట. తడిసిన చొప్పలో బూజు పుట్టి గాలికి మా గదిలోకి వస్తోందని తేల్చేశాడు. అంతలో తల్లి వైపు చూసి గొంతు తగ్గించి, "అమ్మా, బర్రె ఇంటికి ఇంత దగ్గర ఉండొద్దే," అన్నాడు.

ఆమె తమ్ముడికి కబురు పంపింది. ఆయన న్యాల్‌కల్ నుంచి వచ్చిన రోజు బర్రెకు పసుపు కుంకుమ పెట్టి, జొన్నరొట్టెలో బెల్లం చుట్టి తినిపించి, పలుపు ఆయన చేతిలో పెట్టింది. గల్లీ మలుపు దాకా వెంట నడిచి, తిరిగొచ్చి ఖాళీ కొట్టం ఊడ్చుకుంది. తర్వాత కూడా సాయంత్రమయ్యేసరికి కుడితి బకెట్టు చేతిలోకి తీసుకుని, గుర్తొచ్చి మళ్లీ కింద పెట్టేది. నాకు ఆమె ముఖంలోకి చూడబుద్ధయ్యేది కాదు.

చలికాలం వచ్చింది. బర్రె లేదు, చొప్ప లేదు, దమ్ము మాత్రం ఉంది. పైగా ఈసారి మరీ గట్టిగా పట్టింది. ఇక ఇంట్లో తప్పు పట్టడానికి నేను తప్ప ఏమీ మిగల్లేదు. ఒక పొద్దున మా ఆయన గోడతో చెబుతున్నట్టు, "కొన్నొద్దులు కోహీర్ల ఉండి చూస్తవా?" అన్నారు. సంచిలో చీరలు సర్దుకున్నాను. ఏడిస్తే ఊపిరాడదు, అందుకని ఏడవడానికి కూడా లేకపోయింది. మళ్లీ సెలవులకు వచ్చిన మరిది ఆ సంచి చూసి చిన్నబోయాడు. పోయేలోపు ఇంకొక్కసారి చూస్తానని మళ్లీ ఆలుగడ్డలు ఉడికించి, ప్లేట్లు పెట్టి, మూతలు తీశాడు. నేను అరుగు దాకా నడవలేక హాల్లో మంచం మీదే ఉండిపోతే, కదలకు, మాట్లాడకు అని చెప్పి అన్నతో పాటు సైకిలెక్కాడు.

అతను గల్లీ మలుపు తిరిగాడో లేదో, అత్తమ్మ వంటింట్లోంచి ఇత్తడి గిన్నెలు దొంతరగా పట్టుకుని వచ్చింది. హాల్లో ప్లేటు మీద ఒకటి బోర్లించింది. మా గదిలోకి పోయి ఇంకొకటి బోర్లించి వచ్చింది. నేను మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయాను.

"అత్తమ్మా, ఏం చేస్తున్నవ్?"

"మూత పెడుతున్న బిడ్డా. వాడు సదువుకున్నోడు, వానికేం ఎర్క? తినేది గిట్ల తెరిచి పెడ్తె బల్లి పడదా? దిష్టి తాకదా? అండ్ల నీ రోగం సంగతి జూస్తడట. నీ పానం మీదికొచ్చే దాంట్ల పురుగు పడనిస్తనా? వాని సైకిల్ గంట ఇనవడంగనే తీస్త."

"దసరాకు గూడ పెట్టినవా?"

"పెట్టిన."

"మరి కొట్టంల దానికి?"

"అది బర్రెకు పెట్టిండనుకున్న. బర్రె తిండికి ఎవలన్న మూత పెడ్తరా?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వు దగ్గయింది, దగ్గు దమ్మయింది. ఆమె గిన్నెలు వదిలేసి నా వీపు రాస్తూ కూర్చుంది. సైకిల్ గంట వినపడినా లేవలేదు. గుమ్మంలో నిలబడ్డ మరిది తన శాస్త్రం మీద బోర్లించిన ఇత్తడి గిన్నెను చూశాడు, తల్లిని చూశాడు, గడప మీద కూలబడ్డాడు. "అయ్యో అమ్మా," అన్నాడు చివరికి, "బర్రె ఊకెనే బద్నామైంది గదే." నా వీపు మీద ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

నా ప్రయాణం ఆగింది. మరిది హైదరాబాదు పోయి ఒక డబ్బా తెచ్చాడు. తెరిచి పెట్టిన ప్లేటులో బరువైనవి తొందరగా పడతాయి, తేలికవి తేలిపోతాయి, అందుకని అది గాలిని పంపుతో లాగి ప్లేటు మీద కొట్టిస్తుందట. ప్రతి గదిలోనూ ఒకేలా లాగాడు. అత్తమ్మను గల్లీ చివరి దాకా తానే దిగబెట్టి వచ్చాడు. ఈసారి అన్నిటికంటే దట్టంగా మొలిచింది మా గదిలో, బీరువా పక్కన గాలి లాగిన ప్లేటులో. బీరువా జరిపి చూస్తే, స్నానాల కొట్టు వైపు నుంచి తడి పీల్చుకున్న ఎర్రరాతి గోడ నిలువునా మసి పూసినట్టు నల్లగా ఉంది. నేను రోజూ ఆ గోడ వైపే తల పెట్టి పడుకున్నాను. మా ఆయన సెలవు పెట్టి గోడ గీకించి సున్నం వేయించారు, స్నానాలూ నీళ్ల కాగూ ఖాళీ కొట్టంలోకి మార్చారు, మా మంచం హాల్లోకి వచ్చింది. దమ్ము పూర్తిగా పోలేదు కానీ కాపురం చేయనిచ్చే జబ్బుగా మారింది. సంచిలో చీరలు మళ్లీ బీరువాలోకి చేరాయి.

కొన్నాళ్లకు అత్తమ్మ బర్రెను తెచ్చుకుంటానని న్యాల్‌కల్ బస్సెక్కింది. పొద్దుగూకే వేళకు ఒట్టి చేతులతో దిగింది.

"ఈనిందక్కడ. తమ్ముని మనుమలు దాని పాలు తాగుతున్నరు. అడగనీకె నోరు రాలే," అంది.

నాకు ఏడుపు వచ్చింది. అప్పటికి ఏడ్చేంత ఊపిరి ఉంది కాబట్టి గట్టిగానే ఏడ్చాను. నా వల్లే కదా అన్నాను.

"ఊకో బిడ్డా. గల్లీలోళ్లు నిన్ను తోలియ్యమన్నప్పటి సంది నాకు బువ్వ సయించలే. యాడ పోతవోనని ఒక్కటే గుబులు. బర్రెదేముంది, యాడున్నా బతుకుతది. జర చాయ్ వెట్టు."

నన్ను పంపేస్తారేమోనని నేను బెదిరినన్నాళ్లూ, నేను పోతానేమోనని ఆమె బెదురుతూ ఉందన్నమాట. ఇద్దరం ఒకే వంటింట్లో, ఒకరి పక్కన ఒకరం రొట్టెలు చేసుకుంటూ. చాయ్ పెట్టి ఇచ్చాను. ఆమె తాగి, గ్లాసు కడిగి, ఇక ఆ బర్రె ఊసు ఎత్తలేదు. ఆమె అప్పటి వయసును నేను దాటి చాలాకాలమైంది. గాలిలో ఏముందో కొన్ని రోజుల్లోనే మొలిచి కనపడింది; ఆమె మౌనంలో ఏముందో నాకు పూర్తిగా కనపడడానికి ఇన్నేళ్లు పట్టింది.