తెలుపు మీద తెలుపు

పైకప్పుకి మెరిసే రంగు వేయిస్తానంటే మా ఇంట్లో అందరూ వద్దన్నారు. మెరుపు రంగు తలుపులకి, గ్రిల్లులకి వేస్తారు గానీ కప్పుకి వేస్తే ప్రతి గుంటా, ప్రతి గీతా బయటపడుతుందని నా భర్త అన్నాడు. ఆయన బెంగాలీ. కలకత్తా భవానీపూర్‌లోని ఈ పాత ఇంట్లోనే పుట్టాడు. నా భయం వేరు. కింది అంతస్తులో మా గదికి ఒకటే కిటికీ, అదీ ముంగిలి వైపు. వానాకాలం వస్తే పైకప్పు నిండా నల్లటి బూజు. ఐదు నెలల మా పాప ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. మామూలు రంగు తేమ పీల్చుకుంటుంది. మెరిసే పూత మీద బూజు పడితే తడిగుడ్డతో తుడిచేయవచ్చు. నేను కెమిస్ట్రీ చదివాను. డబ్బాల మీద చిన్న అక్షరాలన్నీ చదివి, వాసన తక్కువుండే నీళ్ళ ఎనామెల్ ఎంచాను.

"ఈ పని చేయగలవాడు ఒక్కడే ఉన్నాడు బౌది. ఓడల మనిషి" అన్నాడు కాంట్రాక్టరు. ఇక్కడ ఇంటి కోడళ్ళని బౌది, అంటే వదిన, అనే పిలుస్తారు.

అలా వచ్చాడు బైరాగి, భార్య అప్పలకొండమ్మతో. గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే చోట ముప్ఫై ఏళ్ళు రంగులు వేశాడు. ఓడ బయట కాదు, లోపల. సిబ్బంది పడుకునే గదులు, వంటగదులు, మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన సన్నటి దారులు. ఓడలో కప్పులన్నీ మెరుపు రంగేననీ, ఉప్పుగాలికి వాటిని కడుక్కుంటూ ఉండాలనీ నాకు చక్కటి బెంగాలీలో చెప్పాడు.

మొదటి మూడు రోజులూ అతను రంగు డబ్బా మూత తీయలేదు. రెండు నిచ్చెనల మధ్య పలక వేసుకుని దాని మీద నిలబడ్డాడు. పుట్టీ పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, మళ్ళీ అరచేత్తో తడమడం. నేను పాప నుదురు మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టే ఉండేది అతను కప్పుని చూడడం.

మొదటిరోజే వాళ్ళు తెలుగులో మాట్లాడుకోవడం విన్నాను.

"ఈ బౌదిని సూసినావా మావా? పిల్లకి పాలిస్తా కూడా డబ్బా సదువుతంది. పరీచ్చ రాస్తాదేటి?"

"ఊరుకోయే. తొలిచూలు గదా. మన పుష్పరాణి తుమ్మితే నువ్వు ఓడకాడికి పరిగెట్టుకొచ్చీసినావు, మర్సిపోనావేటి?"

"ఆ పిల్లకి నూనె సూడు, ఎంత రాసీసిందో! గోడకానిస్తే అంటుకుపోద్ది."

నేనూ తెలుగుదాన్నేనని అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసి ఊరుకున్నాను. మూడో రోజు విన్న మాటల తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది.

"ఈ కప్పు ఒద్దని సెప్పీసీ మావా. నీకు కనపడనప్పుడు..."

"కనపడకేటి? మెట్టు కనపడతంది, మనిసి కనపడతంది. తెలుపు మీద తెలుపే తెలవదు. దానికి నువ్వున్నావు గదా."

"ఎవులైనా కనిపెడితే?"

"కనిపెడితే కాంట్రాక్టరు మరి గ్రిల్లులకే పంపుతాడు నన్ను. గ్రిల్లు రంగు ఎవుడైనా ఏస్తాడే."

నాకు విషయం అర్థమైంది. కింద వేసే ప్రైమరు పూతా తెలుపే, పైన వేసే రంగూ తెలుపే. పూత ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో తడి మెరుపుని బట్టే తెలుసుకోవాలి. ఆ మెరుపు బైరాగి కంటికి అందడం లేదు. కింద అప్పలకొండమ్మ పొడుగు తీగ దీపం పట్టుకుని చూసి, ఎక్కడ తప్పిందో చెబితే అతను సరిచేస్తాడు. పనికి వెళ్ళే ఇళ్ళల్లో ఎవరికీ తెలుగు రాదు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

కాంట్రాక్టరుకి చెప్పాలని రెండుసార్లు ఫోన్ తీశాను. పాప గది అది. కానీ మూడు రోజులుగా ఆ అరచెయ్యి కప్పు మీద తిరగడం చూశాను. ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రం పాపకి తెలుగు జోల కూడా వాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించి పాడాను.

నాలుగో రోజు పొద్దున్నే రంగు మొదలుపెట్టారు. దుమ్ము పడకుండా ఫ్యాను ఆపి, కిటికీ మూశారు. నీళ్ళ ఎనామెల్ తొందరగా ఆరుతుంది. ఒక పూత అంచు ఆరకముందే పక్క పూత దాన్ని కలుపుకోవాలి. మధ్యలో ఆగితే గీత పడుతుంది, మళ్ళీ మొత్తం రుద్దాలి. పాప మేడ మీద మా అత్తగారి దగ్గర ఉంది. వాసన ఎంత ఉందో చూద్దామని నేను గుమ్మం దాకా వచ్చాను.

సగం కప్పు అయింది. రెండో డబ్బాలో రంగు వడకట్టడానికి అప్పలకొండమ్మ దీపం నేల మీద పెట్టి ముంగిట్లోకి వెళ్ళింది. చెప్పే వెళ్ళింది గానీ, రోలరు చప్పుడులో అతనికి వినపడినట్టు లేదు.

"ఒలే, ఇటేపు పడినాదా?"

రోలరు తిప్పుతూనే మళ్ళీ పిలిచాడు.

"ఒలే అప్పలకొండా!"

రోలరు గాలిలో ఆగిపోయింది. నేను దీపం ఎత్తాను.

"కుడి పక్క జానెడు పొడిగా ఉంది" అన్నాను తెలుగులో.

అతను వెనక్కి తిరగలేదు.

"ఆగకండి మావయ్యా. అంచు ఆరిపోతోంది."

రోలరు కుడి పక్కకి కదిలింది.

"ఇంకా?"

దీపం ఒక పక్కన ఎత్తి పట్టుకుని, నేను దానికి ఎదురుపక్కకి జరిగితేనే తడి వెలుగు కంట్లో పడుతుందని రెండు నిమిషాల్లో తెలిసింది. "కొంచెం ముందుకి. కిటికీ పైన... ఆ, పడింది. చాలు."

డబ్బాతో వచ్చిన అప్పలకొండమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఓలమ్మో! తెలుగోల్లా!"

"నోరు మూసుకుని ఆ డబ్బా ఇటియ్యే" అన్నాడు బైరాగి.

పూత మొత్తం అయ్యాకే దిగాడు. మెట్టు మీద కూర్చుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఎన్నాల్ల నుంచి ఇంటన్నారమ్మా?"

"మొదటిరోజు నుంచీ."

"నూనె సంగతి కూడానా?" అప్పలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదీ విన్నాను. ఆ రోజు నుంచే తగ్గించాను."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. "సాయంత్రం కాంట్రాక్టరొస్తాడు" అని మాత్రం అన్నాడు. చెప్పొద్దని అడగలేదు.

నాలుగింటికి కాంట్రాక్టరు వచ్చి టార్చి పైకి వేశాడు. వెలుగు ఒకచోట నిలిచిపోయింది. బైరాగి కూడా తలెత్తి చూస్తున్నాడు.

"ఆడేటి సూస్తన్నాడమ్మా?" అన్నాడు మెల్లగా.

"కిటికీ పైన అరచేయంత మసక ఉండిపోయింది. నేను పడిందన్నచోటే."

బైరాగి బెంగాలీలోకి మారాడు. "కిటికీ పైన కదా బాబూ? రెండో పూతలో కలిసిపోతుంది."

"నీ కళ్ళకి మొక్కాలి దాదా" అని కాంట్రాక్టరు నా వైపు తిరిగాడు. "మీరేమంటారు బౌది? లోపముంటే ఇప్పుడే చెప్పండి."

అప్పలకొండమ్మ నా మొహంలోకి చూస్తోంది. బైరాగి మాత్రం కప్పునే చూస్తున్నాడు.

"ఆ మసక నా వల్ల వచ్చింది, నేను మధ్యలో దూరాను" అన్నాను. "వాళ్ళిద్దరూ కలిసి చేసినచోట ఒక్క మచ్చ లేదు. ఎక్కడికి పంపినా ఇద్దరినీ కలిపే పంపండి."

"బాలీగంజ్‌లో ఒక వంటగది కప్పుంది, ఇలాంటిదే. ఇద్దరికీ చెబుతాను" అని వెళ్ళిపోయాడు.

బైరాగి కిటికీ తెరిచాడు. తర్వాత అడిగాడు, "నిజానికి ఎలాగుందమ్మా?"

తలెత్తి కప్పు కేసి చూశాను. "ముంగిట్లో తీగ మీద పాప గుడ్డలు ఆరేశాను కదా, వాటి రంగులు పైన కనిపిస్తున్నాయి. గాలికి ఊగినప్పుడల్లా అక్కడా ఊగుతున్నాయి, నీళ్ళల్లో లాగా."

తల పక్కకి వంచి విన్నాడు. భార్య వైపు తిరిగాడు.

"నిజమేనేటే?"

"నిజమే మావా" అంది అప్పలకొండమ్మ. "పచ్చదొకటి, ఎర్రదొకటి. నీ తువ్వాలు కూడా ఆరేసినాను, అదీ కనపడతంది. ఎంత ఉతికినా నల్లగానే ఉంది."