ఆదివారం వస్తాడు

చివరి సాయంత్రం అక్క చేసింది కొత్త పనేమీ కాదు. బోర్డు మీద "మా తమ్ముడు ఆదివారం వస్తాడు" అని రాసింది. పాఠం చెప్పింది. సుద్దముక్క డబ్బాలో పడేసి, చేతులు దులుపుకుని ఇంటికెళ్ళి పడుకుంది. తెల్లారి లేవలేదు.

ఆ తమ్ముడిది మోటార్లకు తీగ చుట్టే షాపు. అక్క ఇంటికి రెండు బస్సులు మారాలి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రాగితీగ చుడుతూనే, "ఈ ఆదివారం వస్తానక్కా" అనేవాడు.

"నీ 'వస్తా'కి ఏ కాలమో నా వ్యాకరణానికి అందట్లేదురా" అని అక్క ఫక్కున నవ్వేది.

ఆ నవ్వు విని, తొందరేముందిలే అనుకునేవాడు. అలా పది నెలలు గడిచాయి. ఇప్పుడు అతన్ని తొలిచేది ఒక్కటే: అక్క మనసు కష్టపెట్టుకునే పోయిందా?

బతుకుతెరువుకు వచ్చిన పరభాషల వాళ్ళకు ఆవిడ సాయంత్రాలు తెలుగు నేర్పేది. పట్టికలు బట్టీ పట్టించేది కాదు. మేస్త్రీ చేత గోడ మీదా, నర్సు చేత సూది మీదా వాక్యాలు కట్టించేది. "ఒంటరి మాట దిక్కులేనిది. పక్కన ఇంకోటి ఉంటేనే దాని సంగతి తేలుతుంది" అనేది. తప్పు దొరికితే మాత్రం వదిలేది కాదు. మేస్త్రీ "గోడ పడిపోయాడు" అంటే, "ఏం, గోడకి మీసాలు మొలిచాయా?" అని అందరినీ నవ్వించి మరీ దిద్దేది.

వారం తర్వాత తమ్ముడు ఆవిడ పుస్తకాల కోసం ఆ పాఠాల గదికి వెళ్ళాడు. బోర్డు మీద వాక్యాన్ని ఎవరూ చెరపలేదు. టీచర్ తమ్ముణ్ణని చెప్పగానే, అక్కడున్న నర్సు గబగబా కుర్చీ జరిపింది.

"మీరు ఆదివారం తమ్ముడు కదా! ప్రతి వారం వస్తారు, మాకు తెలుసు."

"ఎవరు చెప్పారమ్మా?"

"బోర్డు చెప్పింది. 'వస్తాడు' రెండు రకాలు. ఇకముందు వస్తాడు, ఒకటి. ఎప్పుడూ వస్తాడు, ఒకటి. ఇది ఏది అని టీచర్ అడిగారు. నేను లేచి, ఇది అలవాటు, ప్రతి ఆదివారం వస్తాడు అన్నాను."

అతను బోర్డు మీది వాక్యాన్ని మళ్ళీ చదివాడు.

"అక్క దిద్దలేదా?"

నర్సు నోట్సు తెరిచి చూపించింది. అందులో రాసుకున్న ఆ జవాబు పక్కన అక్క ఎర్రసిరాతో కొట్టిన రైటు ఉంది.